ఊరి పేరు నుంచి వచ్చిన ఇంగ్లీషు ఇంటిపేరు: దాని అర్థం, మూలం వెతకడం ఎలా?

"కాటన్ దొర ఇంటిపేరుకి పత్తితో ఏమైనా సంబంధం ఉందా?" ధవళేశ్వరం ఆనకట్ట గురించి రాసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇది అడుగుతారు. సికింద్రాబాద్, కాజీపేట, గుంతకల్లు రైల్వే కాలనీల్లో పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వాళ్లు అడిగేది ఇంకొకటి: "మా ఇంటిపేరు ఇంగ్లండ్‌లో ఏ ఊరిది?"

ఒక్కో పేరుకి ఒక్కో జవాబు చెప్పుకుంటూ పోతే అంతు ఉండదు. వెతికే పద్ధతి చేతికొస్తే ఏ పేరునైనా మీరే చూసుకోవచ్చు. అందుకే కాటన్ అనే పేరునే ఉదాహరణగా పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా చెప్తాను.

## 1. ముందు ప్రశ్నని రెండుగా విడదీయండి

ఈ పనిలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "మా పేరుకి మూలం ఏమిటి?" అన్నదాంట్లో రెండు ప్రశ్నలు ఉన్నాయి.

- ఆ ఊరి పేరుకి అర్థం ఏమిటి? ఇది భాషకి సంబంధించిన ప్రశ్న. ఊరి పేరు పాత పత్రాల్లో ఎలా రాశారో చూస్తే తేలుతుంది.
- మీ కుటుంబం ఆ పేరున్న ఊళ్లలో దేని నుంచి వచ్చింది? ఇది కుటుంబ చరిత్ర. జనన, వివాహ, జనగణన కాగితాలు చూస్తేనే తేలుతుంది.

మొదటిదానికి ఒక పూటలో జవాబు దొరకొచ్చు. రెండోదానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి దొరకదు కూడా. ఒకదాని జవాబు తెచ్చి రెండోదానికి అతికిస్తే వంశవృక్షం మొత్తం తప్పుదారి పడుతుంది. నోట్‌బుక్‌లో రెండు వేరు పేజీలు పెట్టుకోండి.

## 2. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

- ఇంట్లో ఉన్న కాగితాలు: బాప్తిస్మం సర్టిఫికెట్లు, పెళ్లి సర్టిఫికెట్లు, రైల్వే లేదా సైన్యం సర్వీసు కాగితాలు, సమాధి రాళ్ల ఫోటోలు, పాత బైబిళ్లలో మొదటి పేజీ మీద రాసుకున్న పుట్టిన తేదీలు.
- పెద్దవాళ్లు చెప్పిన మాటలు. ఎవరు, ఎప్పుడు చెప్పారో పక్కనే రాయండి.
- పాత కుటుంబ రికార్డులు వెతుక్కునే ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా.
- ఇంగ్లండ్ పాత కౌంటీల (మన జిల్లాల్లాంటివి) మ్యాప్. 1974లో కౌంటీల సరిహద్దులు చాలా మారాయి, కాబట్టి ఇప్పటి మ్యాప్ ఒక్కటే సరిపోదు.
- ఒక స్ప్రెడ్‌షీట్. గడులు: సంవత్సరం, ఊరు, పేరు రాసిన తీరు, ఏ పత్రం, ఎక్కడ చూశారు.

డబ్బు కట్టే సైట్ల జోలికి మొదటి నెలలో పోకండి. ఏ కౌంటీ, ఏ దశాబ్దం అన్నది తేలాక ఒక నెల చందా కడితే చాలు.

## 3. అసలు అది ఊరి పేరేనా, చూసుకోండి

ఇంగ్లీషు ఇంటిపేర్లు ముఖ్యంగా నాలుగు దారుల్లో వచ్చాయి: వృత్తి (స్మిత్ అంటే కమ్మరి), తండ్రి పేరు (జాన్సన్), రూపాన్నో గుణాన్నో బట్టి పెట్టిన పేరు (బ్రౌన్), చోటు. తెలుగువాళ్ల మనసులో నిలిచిపోయిన సి.పి. బ్రౌన్ ఇంటిపేరు మూడో రకం, కాటన్ ఇంటిపేరు నాలుగో రకం. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన పేరు ఊరి పేరులా వినిపిస్తుంది గానీ అది పాత నార్స్ (వైకింగుల భాష) మనిషి పేరు నుంచి వచ్చింది. చెవికి తోచినదాన్ని బట్టి తేల్చేయకూడదు.

చోటు నుంచి వచ్చిన పేర్లలో మళ్లీ రెండు రకాలు. లింకన్, వాషింగ్టన్ లాంటివి ఫలానా ఊరి పేర్లు. హిల్, వుడ్, ఫోర్డ్ లాంటివి ఇల్లున్న చోటుని చెప్పేవి: గుట్ట పక్కన, అడవి పక్కన, రేవు దగ్గర. నాష్ అనే పేరు ఈ రెండో రకం. "ఆటెన్ ఆష్", అంటే యాష్ చెట్టు దగ్గర ఉండేవాడు అన్న మాటలో మొదటి పదం చివరి 'న' విడిపోయి రెండోదానికి అంటుకుంది.

పాత లాటిన్ పత్రాల్లో పేరుకి ముందు "డె" ఉంటే అది సాధారణంగా ఊరి పేరు. "ఆటె" ఉంటే చాలావరకు ఇంటి పక్కన ఉన్న గుర్తు. రెండో రకం పేరైతే ఒకే ఊరిని వెతకడం మానేయండి, అలాంటి పేరు దేశంలో వందల చోట్ల విడివిడిగా పుట్టి ఉంటుంది.

మనకి ఈ సంగతి కొత్తేమీ కాదు. టంగుటూరి, కందుకూరి అనే ఇంటిపేర్లు టంగుటూరు, కందుకూరు నుంచి వచ్చినవే. సొంత ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ఊరి పేరుతో పిలవరు, వేరే ఊరు వెళ్లాకే ఆ పేరు పడుతుంది. ఇంగ్లండ్‌లోనూ అంతే. అందువల్ల ఇంటిపేరు మొదట కనబడే చోటు, ఆ పేరున్న ఊరు ఒకటే కానక్కర్లేదు. కొంచెం దూరంలో ఉండటమే సహజం.

## 4. కుటుంబాన్ని ఒక్కో తరం వెనక్కి తీసుకెళ్లండి

ఇదే అసలు పని. మీకు కచ్చితంగా తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్లండి. ఎక్కడో 14వ శతాబ్దంలో దొరికిన "డె కోటన్" దగ్గర మొదలుపెట్టి ముందుకి రావద్దు.

భారతదేశంలో పుట్టినవాళ్లయితే మొదటి మజిలీ లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ రికార్డులు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల ప్రతులు "ఎన్/2" అనే వరుసలో ఉంటాయి. కోస్తా, రాయలసీమ కుటుంబాలకి ఇదే ముఖ్యం. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర సంఘం, ఫిబిస్, తన సైట్‌లో ఉచితంగా వెతుక్కునే సూచికలు పెట్టింది.

ఇంగ్లండ్ చేరాక పత్రాలు ఈ వరుసలో చూడండి:

- 1837 జులై 1 నుంచి ప్రభుత్వ జనన, వివాహ, మరణ నమోదు. ఫ్రీబీఎండీ సైట్‌లో సూచిక ఉచితం.
- 1851 నుంచి 1921 దాకా పదేళ్లకొకసారి జనగణన. ఎక్కడ పుట్టారో పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) పేరుతో సహా ఉంటుంది.
- 1841 జనగణన. దీంట్లో పుట్టిన ఊరు ఉండదు, ఉంటున్న కౌంటీలోనే పుట్టారా లేదా అన్నదే ఉంటుంది. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని చాలాచోట్ల అయిదుకి తగ్గించి రాశారు. 38 ఏళ్ల మనిషి 35గా కనబడితే కంగారు పడొద్దు.
- 1538 నుంచి చర్చి రిజిస్టర్లు. అసలు రిజిస్టర్ పోయి ఉంటే బిషప్‌కి ఏటా పంపిన ప్రతులు అడగండి, అవి 1598 నుంచి మొదలవుతాయి.
- 1858కి ముందు వీలునామాలు. కాంటర్‌బరీ చర్చి కోర్టువి లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.
- పొయ్యికింత అని వేసిన పన్ను జాబితాలు, 1662 నుంచి 1689 వరకు.
- 1377, 1379, 1381 తలపన్ను జాబితాలు.

1931 జనగణన కోసం వెతకొద్దు, ఆ కాగితాలు 1942లో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల జనగణనే జరగలేదు.

తేదీల్లో ఒక చిక్కు ఉంది. 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఫిబ్రవరి 1700 అని రాసిన బాప్తిస్మం మన లెక్కలో 1701 ఫిబ్రవరి. ఇది తెలియకపోతే, పెళ్లయిన కొన్ని నెలల తర్వాత పుట్టిన బిడ్డ పెళ్లికి ముందే పుట్టినట్టు కనబడుతుంది.

ప్రతి తరానికీ కనీసం రెండు పత్రాలు కలిశాకే వెనక్కి వెళ్లండి. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ఇద్దరు ఉండటం సర్వసాధారణం. బాప్తిస్మం దొరికిన వెంటనే అదే ఊరి ఖననాలు కూడా చూడండి. ఆ బిడ్డ రెండేళ్లకే చనిపోయి ఉంటే మీ పూర్వీకుడు అతను కాదు. ఈ ఒక్క తనిఖీ చేయకుండా కట్టిన వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి.

## 5. పేరు రాసిన తీరులన్నీ ఒక చోట పెట్టండి

గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. కోటన్, కాటన్, కాటెన్, 'ట' ఒకటి, 'ట' రెండు, అన్నీ ఒకే కుటుంబంలో కనబడతాయి. సైట్‌లో వెతికేటప్పుడు అనుమానమున్న అక్షరం చోట నక్షత్రం గుర్తు పెట్టండి.

ఊరి పేరు పలికే తీరు ఒకటి, రాసే తీరు ఒకటి అయినప్పుడు ఇంటిపేరు పలికినట్టే రాయడం అలవాటు. లెస్టర్ అనే ఇంటిపేరులో అక్షరాలు తక్కువ, లెస్టర్ నగరం పేరులో ఎక్కువ, పలకడం మాత్రం ఒకటే. చమ్లీ అని పలికే ఊరి పేరుని ఇంగ్లీషులో రాస్తే పన్నెండు అక్షరాలు! కాబట్టి ఊరిని కేవలం స్పెల్లింగ్ చూసి కొట్టిపారేయొద్దు.

## 6. పేరు ఎక్కడ గుమిగూడి ఉందో మ్యాప్ మీద చూడండి

1881 జనగణన ఆధారంగా ఏ ఇంటిపేరు ఏ కౌంటీలో ఎంతమందికి ఉందో చూపించే మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. గ్రీన్‌వుడ్ అనే పేరు చూడండి. పచ్చని అడవి అన్న అర్థం, ఎక్కడైనా పుట్టే పేరు. కానీ మ్యాప్ మీద యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్ చుట్టుపక్కల దట్టంగా కనబడుతుంది. అలా ఒక చోట గుంపుగా ఉంటే ఆ ప్రాంతంలోనే వెతకడం మొదలుపెట్టండి.

కాటన్ లాంటి పేరు ఒక్క చోట గుమిగూడదు. అది కూడా ఒక సమాచారమే: పేరు చాలా ఊళ్ల నుంచి విడివిడిగా పుట్టిందని అర్థం.

## 7. ఆ పేరున్న ఊళ్లన్నీ రాసుకోండి

ఒక్క ఊరు దొరకగానే ఆగిపోకండి. కోటన్ అనే ఊళ్లు కేంబ్రిడ్జ్‌షైర్‌లో, నార్తాంప్టన్‌షైర్‌లో, ష్రాప్‌షైర్‌లో ఉన్నాయి. డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్ ఉంది. స్టాఫర్డ్‌షైర్‌లో, సఫోక్‌లో కాటన్ అనే ఊళ్లే ఉన్నాయి.

సట్టన్, నార్టన్, న్యూటన్ అయితే లెక్కపెట్టడమే కష్టం. దక్షిణపు ఊరు, ఉత్తరపు ఊరు, కొత్త ఊరు అని అర్థం, మన కొత్తపల్లి ప్రతి జిల్లాలో ఉన్నట్టు.

జాబితాలో ఇవి కూడా చేర్చండి:

- ఊరు కాక ఒక పొలమో, ఒంటరి ఇల్లో అయిన పేర్లు.
- ఇప్పుడు లేని ఊళ్లు. యార్క్‌షైర్‌లోని వారమ్ పెర్సీలా మధ్యయుగం చివర ఖాళీ అయిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఇప్పటి మ్యాప్‌లో కనబడకపోయినా వాటి పేర్లు ఇంటిపేర్లలో బతికే ఉండొచ్చు.
- ఫ్రాన్స్‌లోని నార్మండీలో ఉన్న ఊళ్లు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక వచ్చిన ప్రభువుల్లో కొందరి పేర్లు అక్కడివి.

## 8. ఊరి పాత రూపం పట్టుకుని అర్థం చెప్పండి

ఇక్కడ ఒకటే నియమం: ఇప్పటి స్పెల్లింగ్ చూసి అర్థం చెప్పకూడదు. దొరికినవాటిలో అన్నిటికంటే పాత రూపం చూడాలి. 1086లో తయారైన డూమ్స్‌డే బుక్‌లో (ఇంగ్లండ్ భూముల లెక్కల పుస్తకం) చాలా ఊళ్లు కనబడతాయి. నాటింగమ్ యూనివర్సిటీ ఊరి పేర్ల కోసం ఉచిత ఆన్‌లైన్ సూచిక నడుపుతోంది. మ్యాప్ మీద ఊరిని నొక్కితే పేరులోని ముక్కలు, వాటి అర్థాలు వస్తాయి. ఇంకా లోతుగా కావాలంటే ఇంగ్లీషు ఊరి పేర్ల సంఘం కౌంటీల వారీగా వేసిన సంపుటాలు చూడాలి.

తరచూ తగిలే చివరి ముక్కలు ఇవి. మన పల్లి, పాడు, లంక, కుర్రు తెలిసినవాళ్లకి త్వరగా పట్టుబడతాయి.

- టన్: ఆవరణ వేసుకున్న వ్యవసాయ స్థలం, తర్వాత ఊరు.
- హమ్: నివాసం. కొన్నిచోట్ల నీళ్లు చుట్టిన మెరక నేల, మన లంక లాంటిది.
- లీ: అడవి, అడవిలో చెట్లు కొట్టి చేసిన చోటు.
- వర్త్: చుట్టూ కంచె ఉన్న స్థలం.
- బీ: పాత నార్స్‌లో ఊరు. యార్క్‌షైర్, లింకన్‌షైర్ వైపు ఎక్కువ.
- డన్: గుట్ట. స్విండన్ అంటే పందుల గుట్ట. దీన్ని టన్‌తో కలపకండి.
- కాట్: గుడిసె. ప్రెస్కాట్ అంటే పూజారుల గుడిసె, కాల్డికాట్ అంటే చలి గుడిసె.

ఇప్పుడు కాటన్ దగ్గరికి వద్దాం. కోటన్ అనే ఊళ్లలో చాలావాటి వెనక ఉన్నది పాత ఇంగ్లీషు మాట "కోటుమ్". కాట్ అనే గుడిసె పదానికి బహువచనం, చోటుని చెప్పే విభక్తితో కలిపి. అంటే "గుడిసెల దగ్గర". మనం ఊరు అన్న మాటని ఊరి అని మార్చి ఇంటిపేరులో నిలిపేసినట్టే, వాళ్లు విభక్తి రూపాన్నే ఊరి పేరుగా నిలిపేశారు. కాలక్రమంలో చివరి 'మ' కాస్తా 'న' అయింది.

పత్తి అనే కాటన్ వేరే మాట. అరబిక్‌లో ఖుత్న్, అక్కడి నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అది ఇంగ్లీషులో కనబడేసరికి కోటన్ ఊళ్లు డూమ్స్‌డే బుక్‌లోకి ఎక్కి దాదాపు రెండు శతాబ్దాలు అయింది. ఇలా కాలం చూసి కొట్టివేయడం ఈ పనిలో చాలా బలమైన ఆయుధం. ఆ మాట భాషలోకి రాకముందే ఊరికి ఆ పేరు ఉంటే, ఊరి పేరు ఆ మాట నుంచి రాలేదు.

ఒకే పేరున్న రెండు ఊళ్లకి ఒకే అర్థం ఉంటుందని కూడా అనుకోవద్దు. డరమ్ ప్రాంతపు వాషింగ్టన్ "హ్వాసా" అనే మనిషి పేరు మీద వచ్చింది. ససెక్స్‌లోని వాషింగ్టన్ "వాస్సా" అనే వేరే మనిషి పరివారం పేరు మీద వచ్చింది. అమెరికా మొదటి అధ్యక్షుడి వంశం డరమ్ ఊరిది. 12వ శతాబ్దంలో హార్ట్‌బర్న్ ఊరి విలియం అక్కడి భూమి వదులుకుని వాషింగ్టన్‌కి మారాడు, ఊరితో పాటు పేరూ మారింది.

చర్చిల్ ఇంకో ఉచ్చు. చర్చి ఉన్న కొండ అని అందరూ చెప్పేస్తారు. చాలాచోట్ల అందులోని మొదటి ముక్క చర్చి కాదు, గుట్ట అనే అర్థమున్న పాత బ్రిటన్ భాషా పదం. దాని అర్థం మరిచిపోయినవాళ్లు పక్కన మళ్లీ తమ భాషలో కొండ అని చేర్చారు.

## 9. ఊరినీ కుటుంబాన్నీ ముడివేయండి

నాలుగో మెట్టులో కుటుంబం ఎంత వెనక్కి వెళ్లిందో, ఏడో మెట్టులో ఏ ఊళ్లు దొరికాయో పక్కపక్కన పెట్టండి. మధ్యయుగంలో వలసలు ఎక్కువగా దగ్గరి దూరాలకే జరిగేవి. లండన్, యార్క్ లాంటి నగరాలకి మాత్రం దూరం నుంచి వచ్చేవాళ్లు.

ఆర్థర్ కాటన్ విషయంలో ఇలా సాగుతుంది. ఆయన 1803 మే 15న పుట్టారు, తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. వీళ్లది చెషైర్‌లోని కాంబర్‌మియర్ కాటన్ వంశం. కాంబర్‌మియర్ ష్రాప్‌షైర్ సరిహద్దుకి దగ్గర. ష్రాప్‌షైర్‌లో వెమ్ దగ్గర ఒక కోటన్ ఉంది. కాబట్టి జాబితాలో మొదట పరిశీలించవలసిన ఊరు అది. కేంబ్రిడ్జ్‌షైర్ కోటన్, సఫోక్ కాటన్ కిందికి వెళ్తాయి.

దగ్గరగా ఉంది కదా అని అక్కడే తేల్చేయకూడదు. ఆ ఊళ్లో భూమి ఉన్నట్టు, పన్ను కట్టినట్టు, "డె కోటన్" అని సంతకం చేసినట్టు పత్రం కావాలి. ఆ కౌంటీకి విక్టోరియా కౌంటీ హిస్టరీ సంపుటం ఉంటే అందులో ఆ ఊరి భూస్వాముల వరుస చూడండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటిని దిద్దుకునే తీరు

పేరు ఒకటే కాబట్టి వంశం ఒకటే అనుకోవడం. పాత రాతప్రతులు సేకరించిన రాబర్ట్ కాటన్ 17వ శతాబ్దంలో ప్రసిద్ధుడు. ఆర్థర్ కాటన్‌తో ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఇద్దరినీ ఒకే చెట్టు మీద పెట్టొద్దు. మధ్యలో ప్రతి తరానికీ పత్రం ఉండాలి.

ఇంటిపేరు చిహ్నం కొనుక్కోవడం. ఇంగ్లండ్‌లో చిహ్నం ఒక వ్యక్తికి, అతని వారసులకి ఇస్తారు గానీ ఇంటిపేరుకి ఇవ్వరు. ఫ్రేము కట్టి అమ్మే బొమ్మ మీ కుటుంబానిది అనుకోవద్దు. కొనేసి ఉంటే కనీసం వంశవృక్షంలో పెట్టకండి.

ఇంటిపేరుని రక్తసంబంధంగా చూడటం. యజమాని పేరు, పెంచినవాళ్ల పేరు, సవతి తండ్రి పేరు, సైన్యంలో చేరేటప్పుడు మార్చుకున్న పేరు, ఏదైనా కావచ్చు. భారతదేశంలో పెరిగిన కుటుంబాల్లో ఇది ఇంకా ఎక్కువ. తల్లివైపు భారతీయ స్త్రీ పేరు రిజిస్టర్‌లో లేకపోవడం చూస్తే నాకు ప్రతిసారీ మనసు బాధపడుతుంది. దయచేసి ఆ గడి ఖాళీగానే చూపించండి, తుడిచేయొద్దు. ఆమె ఉంది.

ఎవరో పెట్టిన వంశవృక్షాన్ని కాపీ చేయడం. అందులోంచి పేర్లు కాదు, పత్రాల జాడ మాత్రమే తీసుకోండి. పత్రం మీ కళ్లతో చూశాక రాయండి.

## 11. మధ్యలో ఆగిపోతే

1640 నుంచి 1660 మధ్య చర్చి రిజిస్టర్లలో ఖాళీలు మామూలే, అంతర్యుద్ధం కాలం అది. టెన్షన్ పడకుండా ఇవి ప్రయత్నించండి:

- అదే ఊళ్లో ఉన్న అన్నదమ్ముల వీలునామాలు.
- పెళ్లి సాక్షుల పేర్లు, పక్క పారిష్ రిజిస్టర్లు.
- కౌంటీ రికార్డు ఆఫీసుకి ఈమెయిల్. ప్రశ్న ఒక్కటే, సూటిగా అడగండి: పేరు, ఊరు, పదేళ్ల వ్యవధి.
- పురుషుల వరుసలో వచ్చే వై డీఎన్ఏ పరీక్ష. అదే ఇంటిపేరున్న రెండు కుటుంబాలు ఒకటా కాదా అన్నది చెప్తుంది, ఊరి పేరు మాత్రం చెప్పదు.

## 12. జవాబు రాసుకునే తీరు

నిర్ణయాన్ని మూడు భాగాలుగా రాయండి: తేలింది, బలంగా అనిపించేది, ఇంకా వెతకవలసింది. కాటన్‌కి ఈ పనిలో నేను రాసుకున్నది ఇది:

"తేలింది: ఇది ఊరి పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. చాలా కోటన్‌ల అర్థం గుడిసెల దగ్గర. పత్తితో సంబంధం లేదు. బలంగా అనిపించేది: ఆర్థర్ కాటన్ వంశానికి ష్రాప్‌షైర్‌లో వెమ్ దగ్గరి కోటన్. వెతకవలసింది: ఆ ఊళ్లో 'డె కోటన్' పేరుతో ఉన్న పన్ను జాబితా, అక్కడి నుంచి కాంబర్‌మియర్ దాకా తరాల వరుస."

పక్కన తేదీ వేయండి. కొత్త పత్రం దొరికిన రోజు పాత వాక్యాన్ని చెరపకుండా కింద కొత్తది రాయండి.